గని హారర్ గేమ్ కొనే ముందు లైటు సంగతి చూడండి

శనివారం రాత్రి మొదలుపెడితే ఆదివారం మధ్యాహ్నం భోజనానికల్లా అయిపోవాలి. మన కళ్ళతోనే చూస్తున్నట్టుండాలి, అంటే ఫస్ట్ పర్సన్. పాడుబడ్డ గనో, సొరంగమో, బయటికి రాలేని చోటేదో కావాలి. చేతికి తుపాకీ ఇచ్చి అడ్డమొచ్చిన వాటినల్లా కాల్చుకుంటూ పొమ్మనకూడదు. తిరుపతిలో హాస్టళ్ళలో, రూముల్లో ఉంటూ చదువుకునే పిల్లలు నన్ను అడిగేది దాదాపు ఇదే. అడగడం తేలికే. స్టోర్‌లో వెతికితే మాత్రం పేజీల కొద్దీ గేములు వస్తాయి, అన్నిటి పోస్టరూ ఒకటే: చెక్క దూలాలు, తుప్పు పట్టిన పట్టాలు, చివర్న చీకట్లో ఎర్రగా రెండు కళ్ళు.

తొందరలో ఉన్నవాళ్ళకు ముందే చెప్పేస్తాను. నిజంగా గనే కావాలంటే 'పెనంబ్రా: ఓవర్చర్'. గనిలాంటి చోటైతే చాలు, ఆట మాత్రం బిగువుగా ఉండాలంటే 'అమ్నీసియా: ద బంకర్'. చేతిలో ఒక్క గంటే ఉందంటే 'ఐరన్ లంగ్'. రూమ్‌మేట్లు నలుగురూ కలిసి అరుచుకుంటూ ఆడాలంటే 'లీథల్ కంపెనీ'. ఏది ఎందుకు, ఎవరికి ఏది పడదు అన్నది కింద చెబుతాను.

కుప్పం పక్కన గనులుండగా

చిత్తూరు జిల్లా వాళ్ళకు గని అంటే మరీ తెలియని సంగతేం కాదు. కుప్పం దగ్గర గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులున్నాయి. సరిహద్దు దాటితే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, మనందరి నోట్లో నానే కేజీఎఫ్. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ మూతపడింది. మన వైపు గనుల్లోనూ ఆ రోజుల్లోనే పని ఆగిపోయింది. మళ్ళీ తెరుస్తారన్న మాట అప్పుడప్పుడూ పేపర్లో కనిపిస్తూనే ఉంటుంది. ఆ గనుల్లో పనిచేసి వచ్చిన పెద్దవాళ్ళు కుప్పం పల్లెల్లో ఇప్పటికీ తగులుతారు.

అలాంటి పెద్దాయనకే, మాకు వరసకు పెదనాయన అవుతాడు, పెనంబ్రా కాసేపు ఆడి చూపించాను. కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు గానీ పెద్దగా చలించలేదు. "చీకటికి భయపడేదేంది నాయనా, దీపం ఉంటాది కదా. పైన రాయి టప్‌మన్నప్పుడు సూడాల, గుండె జారిపోతాది" అన్నాడు. ఆయన చెప్పేది రాక్‌బర్స్ట్ గురించి. పైనున్న బరువంతా మీద పడి నలిగిన రాయి ఉన్నట్టుండి పగిలి పేలుతుంది. కేజీఎఫ్ గనులు దానికి పేరుమోసినవి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత కింద రాయే కాలిపోతుంటుంది, చల్లబరిచిన గాలిని పైనుంచి పంపిస్తే తప్ప మనిషి పనిచేయలేడు.

గేముల్లో ఇవేవీ ఉండవు. చెమట పట్టదు. గాలి ఆడకపోవడమన్నది అరుదుగా తప్ప కనిపించదు. నిజం గనుల్లో మనుషుల ప్రాణం తీసేవాటిలో చెడిపోయిన గాలి ఒకటి. ఆక్సిజన్ తగ్గిపోయిన గాలికి వాసన ఉండదు, రంగు ఉండదు, లోపలికి పోయినవాడికి తెలిసేలోపే కాళ్ళు పడిపోతాయి. గేమ్ ఆడిన ఊపులో రీల్ తీద్దామని కుప్పం వైపు పాత గుంతల్లోకి దిగే ఆలోచన ఎవరికైనా ఉంటే ఈ ఒక్క మాట చెవిన వేసుకోండి, దిగొద్దు.

మరి గేమ్ వాళ్ళకు గనులంటే ఎందుకంత ఇష్టం? ఒక కారణం డబ్బు. ఇరుకు దారులు, చుట్టూ రాయి, రెండడుగుల తర్వాత చీకటి. దూరంగా ఊళ్ళు, ఆకాశం గీయక్కర్లేదు, ఇద్దరు కూర్చుని నాలుగు నెలల్లో చేసేయొచ్చు. రెండో కారణం అసలైనది. కేజీఎఫ్‌లోనే 1965లో శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే అతి సూక్ష్మమైన కణాలను మొట్టమొదట పట్టుకున్నారు. అంత లోతే ఎందుకంటే, అంతరిక్షం నుంచి వచ్చిపడే మిగతా కణాలను పైనున్న రాయి ఆపేస్తుంది కాబట్టి. అక్కడిదాకా పైలోకం నుంచి దాదాపు ఏదీ చేరదు. గని హారర్ మొత్తం నిలబడేది ఈ ఒక్క భావం మీదే: పిలిస్తే వినేవాళ్ళు లేరు, వెలుతురనేది ఉంటే అది నీ చేతిలో ఉన్నదే.

అందుకే గేమ్‌ని ఎంచుకునేటప్పుడు నేను దెయ్యం ఎలా ఉంటుందో చూడను. దెయ్యాన్ని ఒకసారి సరిగా చూశాక భయం సగం పోతుంది, ఎంత బాగా గీసినా అంతే. లైటు ఎవరి చేతిలో ఉంది, దాన్ని వాడితే ఏం నష్టం, ఆరిపోతే ఏం చేయాలి, ఈ మూడూ చూస్తాను. వీటికి సరైన జవాబున్న గేమ్ పాతదైనా భయపెడుతుంది. లేని గేమ్ ఎంత ఖరీదైన గ్రాఫిక్స్‌తో వచ్చినా టార్చ్ పట్టుకుని షికారు తిరిగినట్టే ఉంటుంది.

పెనంబ్రా: ఓవర్చర్

స్వీడన్‌కు చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్ 2007లో విడుదల చేసింది. ఫిలిప్ అనే ఫిజిక్స్ శాస్త్రవేత్తకు, చనిపోయాడనుకున్న తండ్రి నుంచి ఉత్తరం వస్తుంది. కాగితాలన్నీ తగలబెట్టేయమని అందులో ఉంటే, కొడుకు కదా, తగలబెట్టకుండా వెతుక్కుంటూ గ్రీన్‌లాండ్ పోతాడు. మంచు తుఫానులో తలదాచుకుందామని ఒక ఇనుప మూత తీసి కిందికి దిగుతాడు. అది వదిలేసిన గని. వచ్చిన దారిన వెనక్కి పోవడం కుదరదు.

ఇందులో మూడు రకాల వెలుతురు ఉంటుంది. టార్చ్ బాగా వెలుగిస్తుంది గానీ బ్యాటరీ తింటుంది. రసాయనంతో వెలిగే కడ్డీ, అంటే గ్లో స్టిక్, ఎప్పటికీ అయిపోదు, కానీ దాని వెలుగు మీ మోచేయి దాటదు. కాసేపు భగ్గున మండి ఆరిపోయే ఫ్లేర్లు కొన్నే దొరుకుతాయి. దీనివల్ల ప్రతి గది ముందూ ఒక లెక్క వేసుకోవాల్సి వస్తుంది. బ్యాటరీ మిగుల్చుకుందామని గ్లో స్టిక్‌తో పోతే, ఎదురుగా ఏముందో ముక్కుకు తగిలేదాకా తెలియదు. టార్చ్ వేస్తే దూరంగా ఉన్నది మీకు కనిపిస్తుంది, మీరూ దానికి కనిపిస్తారు.

తలుపు తీయడం ఎలాగో చూడండి, ఈ గేమ్ మీకు పడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. బటన్ నొక్కితే తలుపు దానంతట అది తెరుచుకోదు. మౌస్ నొక్కిపట్టి మన చేత్తోనే లాగాలి. నెమ్మదిగా లాగితే సందులోంచి తొంగిచూడొచ్చు. అవతల కుక్క తిరుగుతుంటే, అది మామూలు కుక్క కాదు లెండి, అంతే నెమ్మదిగా మూసేయాలి. చెయ్యి వణికి మౌస్ జారిందో, తలుపు కొట్టుకుంటుంది. అప్పుడు పీపాలు, పెట్టెలు తలుపుకు అడ్డంగా తోయాలి, అవి కూడా మౌస్‌తోనే ఈడ్చాలి. అదే పనిగా దాన్ని చూస్తూ కూర్చున్నా ఫిలిప్ భయపడిపోయి తానున్న చోటు బయటపెట్టేస్తాడు. కాబట్టి మూలన నక్కి, తల తిప్పుకుని, అడుగుల చప్పుడు బట్టి అది ఎటు పోయిందో ఊహించుకోవాలి. గోళ్ళు నేలకు గీసుకునే చప్పుడు దగ్గరికొచ్చి, ఆగి, మళ్ళీ దూరమయ్యేదాకా ఊపిరి బిగబట్టడం తప్ప చేసేదేం లేదు.

లోపాలూ ఉన్నాయి. సుత్తి, గునపంలాంటివి చేతికొస్తాయి, వాటితో కొట్టడం మాత్రం మహా చిరాకు. మౌస్‌ను అటూ ఇటూ ఊపితే దెబ్బ ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. కొన్ని పజిల్స్ దగ్గర చాలాసేపు ఇరుక్కుపోతారు. చదవాల్సిన కాగితాలు ఎక్కువ, అన్నీ ఇంగ్లీషులోనే. గోడల బొమ్మలు ఇప్పటి కళ్ళకు మోటుగా కనిపిస్తాయి. కథ కూడా ఇందులో ముగియదు, తర్వాతి భాగం 'బ్లాక్ ప్లేగ్' 2008లో వచ్చింది. ఒక్క రాత్రిలో అవదు, రెండు రాత్రులు పెట్టుకోండి.

అయినా గని కోసమే వచ్చినవాళ్ళకు నా ఓటు దీనికే. ఇంకో లాభం కూడా ఉంది. కాలేజీ అసైన్‌మెంట్ల కోసం కొన్న మామూలు ల్యాప్‌టాప్‌లో, గ్రాఫిక్స్ కార్డ్ లేకపోయినా నడుస్తుంది.

అమ్నీసియా: ద బంకర్

అదే కంపెనీ, పదహారేళ్ళ తర్వాత, 2023లో. మొదటి ప్రపంచ యుద్ధం, ఫ్రెంచ్ సైనికుడు ఆన్రీ క్లెమెంట్, నేల కింద బంకర్. గని కాదు నిజమే, కానీ నేను ఆడిన గని గేములన్నిటికంటే దీనిలోనే గనిలో చిక్కుకున్నట్టు అనిపించింది. బయటికి ఒక్కటే దారి, అదీ పూడుకుపోయింది. దాన్ని పేల్చడానికి డైనమైట్, డిటొనేటర్ వెతకాలి. లోపల తిరిగేది ఒకే ఒక్క మృగం. గోడల వెనక బొరియల్లో తిరుగుతుంటుంది, ఎక్కణ్ణుంచి బయటికొస్తుందో చెప్పలేం.

ఇక లైటు. బంకర్ మధ్యలో ఒక జెనరేటర్ ఉంటుంది. ఇంధనం పోస్తే లోపలి లైట్లు వెలుగుతాయి, మృగం జోరు తగ్గుతుంది. ఇంధనం ఎంతసేపు వస్తుందో మీ జేబు గడియారం చెబుతుంది. డబ్బాలు వెతుక్కుంటూ దూరం పోతారు, గడియారం చూస్తారు, ఇంకో గది చూసి పోదాంలే అనుకుంటారు. లైట్లు ఒక్కసారి రెపరెపలాడి ఆరిపోతాయి. ఇక చేతిలో మిగిలేది తాడు లాగి తిప్పే డైనమో టార్చ్. తాడు లాగిన ప్రతిసారీ 'ఘుర్ర్' మని చప్పుడు. వెలుతురు కావాలంటే చప్పుడు చేయాలి, చప్పుడు చేస్తే అది వస్తుంది. లైటుకు ఇంతకంటే చక్కగా వెల కట్టిన హారర్ గేమ్ నాకు కనిపించలేదు.

రివాల్వర్ కూడా ఇస్తారు, గుండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాలిస్తే మృగం వెనక్కి తగ్గుతుంది, చావదు. చాలామంది గుండును తాళం పగలగొట్టడానికో, పేలే డబ్బాకో వాడుకుంటారు. మూసిన చెక్క తలుపును ఇటుకతో కొట్టి పగలగొట్టొచ్చు, గ్రెనేడ్‌తో పేల్చొచ్చు, ఎలా పోతారో మీ ఇష్టం. వస్తువులు దొరికే చోట్లు, తాళాల నంబర్లు ప్రతి ఆటకూ మారిపోతాయి, కాబట్టి రూమ్‌మేట్ ఆడగా చూసి నేర్చుకుని పోదామంటే కుదరదు. అయిదారు గంటల గేమ్, రెండోసారి ఆడినా బోరు కొట్టదు.

పెనంబ్రాతో పోల్చి చూస్తే ఒక్క తేడా దగ్గర తేలిపోతుంది. పెనంబ్రాలో కథ మిమ్మల్ని గది తర్వాత గదికి నడిపిస్తుంది, భయం ఎక్కడుందో రచయిత ముందే నిర్ణయించి పెట్టాడు. బంకర్‌లో ఎప్పుడు ఎటు పోవాలో మీరే తేల్చుకోవాలి, కాబట్టి ఇరుక్కుంటే తప్పు మీదే అనిపిస్తుంది. టెన్షన్ తట్టుకోలేని వాళ్ళకు ఇది నరకం. కథ వింటూ మెల్లగా పోదామనుకునే వాళ్ళు పెనంబ్రా తీసుకోవడం మేలు. పజిల్ అంటే చిరాకు, పరిగెత్తి దాక్కోవడమే కావాలి అనేవాళ్ళకు బంకర్.

ఒక ముఖ్యమైన సంగతి. బంకర్‌లో సేవ్ చేసుకోవాలంటే సురక్షితంగా ఉండే గదిలోని లాంతరు దగ్గరికి తిరిగి రావాలి. మధ్యలో ఎక్కడ పడితే అక్కడ కుదరదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఆడుతున్నవాళ్ళు, ఎండాకాలం సాయంత్రాలు మీ వీధిలో కరెంటు ఎప్పుడెప్పుడు పోతుందో చూసుకుని మొదలుపెట్టండి. గేమ్‌లో జెనరేటర్, బయట ట్రాన్స్‌ఫార్మర్ రెండూ ఒకేసారి ఆరిపోయిన రోజు మావాడు ఒకడు కీబోర్డ్‌ను విసిరేసినంత పని చేశాడు.

ఐరన్ లంగ్

డేవిడ్ షిమాన్‌స్కీ 2022లో తెచ్చిన గేమ్. ఇది కూడా గని కాదు. అసలు లైటన్నదే లేకపోతే ఎలా ఉంటుందో చూడాలంటే ఇంతకంటే మంచిది లేదు. ఒక చంద్రుడి మీద నెత్తుటి సముద్రం. దానిలోకి ఒక ఖైదీని తుప్పు పట్టిన చిన్న సబ్‌మెరీన్‌లో పెట్టి, తలుపు వెల్డింగ్ చేసి దించుతారు. కిటికీ మూసేశారు. బయట ఏముందో కంటికి కనిపించదు. మ్యాప్ మీద నంబర్లు చూసుకుంటూ నడపాలి, గోడ దగ్గరైతే సెన్సర్ బీప్ మంటుంది. చూడాలనుకుంటే వెనక్కి వెళ్ళి బటన్ నొక్కి ఫొటో తీయాలి. మసక మసకగా నలుపూ తెలుపులో ఒక బొమ్మ మెల్లగా తేలుతుంది. ఆ బొమ్మలో రాయి ఉందనుకుంటారు. మళ్ళీ తీస్తే రాయి అక్కడ ఉండదు.

మొత్తం గేమ్ ఒకే గదిలో, గంటకు కాస్త అటూ ఇటూగా అయిపోతుంది. పాత ల్యాప్‌టాప్‌కు కూడా బరువు కాదు. చదవాల్సింది తక్కువ. పరిగెత్తడం, దాక్కోవడం ఏమీ లేవు కాబట్టి కొందరికి ఇది గేమ్‌లా అనిపించకపోవచ్చు, 'నంబర్లు చూసి బటన్లు నొక్కడమే కదా' అంటారు. వాళ్ళతో వాదించను. ఇరుకు చోటంటే భయమున్నవాళ్ళు మాత్రం దీని జోలికి పోకండి, మిగతావన్నీ కలిపినా దీని అంత ఊపిరాడనివ్వకుండా చేయవు.

గని ఉందని మోసపోకండి

పెద్ద గేములు కొన్నిట్లో గని వస్తుంది, కానీ గని కోసం వాటిని కొనడం దండగ. 'రెసిడెంట్ ఈవిల్ 7'లో ఉప్పు గని చివరి దశలో వస్తుంది, అప్పటికి మీ దగ్గర తుపాకులు బోలెడు ఉంటాయి, భయం కాస్తా యుద్ధమైపోతుంది. 'అవుట్‌లాస్ట్ 2'లో గనులున్నాయి, నైట్ విజన్ కెమెరా బ్యాటరీ అయిపోతుంటే పచ్చటి చీకట్లో పరిగెత్తడం బాగుంటుంది కూడా, కానీ అక్కడిదాకా రావడానికి చాలా గంటల హింస, రక్తం దాటాలి. 'అన్‌టిల్ డాన్'లో గనికి కథలో పెద్ద పాత్రే ఉంది, కాకపోతే అది ఫస్ట్ పర్సన్ కాదు, పైగా చిన్నదీ కాదు.

'స్టిల్ వేక్స్ ద డీప్' సంగతి వేరు. 1975లో స్కాట్లాండ్ తీరానికి దూరంగా సముద్రంలో చమురు తవ్వే రిగ్, అందులో ఎలక్ట్రీషియన్ కాజ్. ద చైనీస్ రూమ్ 2024లో విడుదల చేసింది. గని లేదు. కానీ కింద ఏదో తగిలిందని తెలిసినా డ్రిల్లింగ్ ఆపనివ్వని మేనేజర్, క్యాంటీన్‌లో కసురుకుంటూనే ఒకరి కోసం ఒకరు ప్రాణం పెట్టే కూలీలు, ఇవన్నీ మా పెదనాయన చెప్పే కేజీఎఫ్ కబుర్లకు చాలా దగ్గరగా ఉంటాయి. పనిచేసే చోటే మనిషిని మింగేస్తే ఎలా ఉంటుందో ఇంతగా పట్టుకున్న హారర్ తక్కువ. ఇబ్బందులు రెండు. దీనికి మంచి గ్రాఫిక్స్ కార్డ్ కావాలి. పాత్రలు మాట్లాడేది గట్టి స్కాటిష్ యాస, సబ్‌టైటిల్స్ పెట్టుకోకపోతే ముక్క అర్థం కాదు. దారి కూడా ఒక్కటే, వాళ్ళు నడిపించినట్టు నడవాలి. ఆటగా బంకర్ పైన, కథగా ఇది పైన.

'మౌత్‌వాషింగ్' గురించి ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. 2024లో వచ్చింది, పాడైపోయి అంతరిక్షంలో ఆగిపోయిన సరుకు నౌకలో అయిదుగురి కథ, రెండు మూడు గంటలు. రాత మహా బాగుంటుంది. ఇందులో భయం చీకటి వల్ల రాదు, ఆ మనుషుల వల్ల వస్తుంది. ఆత్మహత్య, లైంగిక హింస తాలూకు విషయాలున్నాయి, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ ముందు పెట్టకండి.

నలుగురు కలిస్తే

హాస్టల్ రూములో ఒకడు ఆడుతుంటే ముగ్గురు భుజం మీద నుంచి చూస్తూ సలహాలిస్తే పైన చెప్పిన గేములన్నీ చెడిపోతాయి. ఆ గుంపుకు లీథల్ కంపెనీ సరిపోతుంది. 2023లో వచ్చింది. వదిలేసిన కట్టడాల్లోకి పోయి తుక్కు ఏరుకొచ్చి కంపెనీకి అమ్మాలి, కోటా అందకపోతే ఉద్యోగం ఊడుతుంది, అదీ ప్రాణంతో సహా. తర్వాత అప్‌డేట్‌లో గని కూడా కలిపారు, లిఫ్ట్ ఎక్కి కిందికి దిగాలి. మాట దూరాన్ని బట్టి వినిపిస్తుంది. దూరంగా పోయినవాడి గొంతు సన్నగిల్లిపోయి, మధ్యలో ఒక కేక వినిపించి ఆగిపోతే, లిఫ్ట్ దగ్గర నిలబడ్డ మీరు వాడి కోసం పోవాలా, బటన్ నొక్కి పైకి పోవాలా? మనవాళ్ళు నూటికి తొంభైమంది బటనే నొక్కుతారు, తర్వాత రాత్రంతా దాని మీద గొడవ.

నలుగురికీ విడివిడిగా కంప్యూటర్, కాపీ, మైక్ ఉండాలి. కథ ఆశించొద్దు.

పేరు తెలియని చిన్న గేముల విషయం

గేములు దొరికే సైట్లు ఇచ్ డాట్ ఐఓలో, స్టీమ్‌లో ఒకరిద్దరు చేసిన అరగంట, గంట గని గేములు లెక్కలేనన్ని. కొన్ని ఉచితం. వీటిని పేరు చూసి ఎంచుకోలేం, ట్రైలర్ చూసి పోల్చుకోవాల్సిందే. నేను చూసేవి ఇవి. ట్రైలర్‌ను ఒకసారి తెర చూడకుండా చెవులతో వినండి. చెక్క మీద అడుగు, కంకర మీద అడుగు, నీళ్ళలో అడుగు వేర్వేరుగా వినిపిస్తే చేసినవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాడు. అన్నిటికీ ఒకటే 'టక్ టక్' అయితే లోపల కూడా అంతే నిర్లక్ష్యం. తర్వాత చీకటి చూడండి. నిజంగా నల్లగా ఉందా, లేక అంతటా బూడిద రంగు పరుచుకుందా? టార్చ్‌కు బ్యాటరీ గొడవ, ఆరిపోవడం, పాడవడం ఏమైనా ఉందా? ఎప్పటికీ ఆరని టార్చ్ ఇచ్చి, నిమిషానికోసారి మొహమ్మీదికి ఏదో ఎగిరొచ్చి కెవ్వుమంటే, అది అరగంటలో మరిచిపోయే గేమ్.

గంటలోపు గేమ్‌కు రెండు మూడు ముగింపులున్నాయని గొప్పగా రాస్తారు. చాలాసార్లు చివరి రెండు నిమిషాలే మారతాయి, దాని కోసం మొత్తం మళ్ళీ ఆడాలి. మధ్యలో చెక్‌పాయింట్ ఉందో లేదో రివ్యూల్లో వెతికి చూడండి. నడిచేటప్పుడు తెర మీద దృశ్యం ఊగడం తగ్గించే ఆప్షన్ లేని గేములు కొందరికి కళ్ళు తిరిగేలా చేస్తాయి. బస్సులో ఘాట్ రోడ్డెక్కితే వాంతులయ్యే రకం మీరైతే ఈ ఆప్షన్ లేని గేమ్ కొనకండి.

మన దేశం వాళ్ళ పని చూడాలనుకుంటే 'ఫియర్స్ టు ఫాథమ్' అనే వరస ఉంది, రేల్ స్టూడియోస్ వాళ్ళది. గని కాదు, మామూలు ఇళ్ళు, రోడ్లు, ఒంటరి రాత్రులు. మొదటి భాగం 'హోమ్ అలోన్' ఉచితం. హారర్ అసలు పడుతుందో లేదో తెలియని వాళ్ళు డబ్బు పెట్టే ముందు దీనితో మొదలుపెట్టడం మంచిది.

రూమ్, ల్యాప్‌టాప్, భాష

వీటిలో వేటికీ తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. ఇంగ్లీషు చదవడం కష్టంగా ఉంటే ఐరన్ లంగ్, లీథల్ కంపెనీ తేలిక. బంకర్‌లో కాగితాలు చదవకపోయినా ఆట నడుస్తుంది, తాళాల నంబర్లు మాత్రం కనిపెట్టుకోవాలి. పెనంబ్రా, మౌత్‌వాషింగ్ చదవకుండా ఆడితే సగం పోయినట్టే.

తిరుపతి ఎండల్లో మే నెల మధ్యాహ్నం ల్యాప్‌టాప్ మీద బరువైన గేమ్ పెడితే అది వేడెక్కి తనంతట తానే నెమ్మదిస్తుంది, గేమ్ లాగ్ అవుతోందని దాన్ని తిట్టుకుంటాం. రాత్రి ఆడండి, కింద పుస్తకం పెట్టి కాస్త ఎత్తండి, పరుపు మీద మాత్రం పెట్టొద్దు. సీలింగ్ ఫ్యాన్ చప్పుడు మధ్య స్పీకర్లో ఈ గేములు వినడం వృథా. ఖరీదైనది అక్కర్లేదు గానీ చెవులను మూసే హెడ్‌ఫోన్స్ ఉండాలి. బ్రైట్‌నెస్ పెట్టుకోమని మొదట్లో గేమ్ ఒక బొమ్మ చూపిస్తుంది, 'కనిపించీ కనిపించనట్టు' ఉండేలా పెట్టమంటుంది. అలాగే పెట్టండి. ఏమీ కనిపించట్లేదని పెంచేసుకుంటే గ్లో స్టిక్, జెనరేటర్, డైనమో అన్నీ అనవసరమైపోతాయి.

ఇక డబ్బు. తొందర లేకపోతే స్టీమ్ వేసవి, శీతాకాలం సేల్స్ దాకా ఆగండి, పాతవి బాగా తగ్గుతాయి. మీ ల్యాప్‌టాప్ లాగుతుందో లేదో అనుమానంగా ఉంటే కొనండి, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది. బంకర్, స్టిల్ వేక్స్ ద డీప్ లాంటి వాటికి ఇదే పద్ధతి: మొదటి అరగంటలో కథ కంటే ల్యాప్‌టాప్‌ను గమనించండి, ఫ్యాన్ మోత, బొమ్మ తడబడడం చూసి అక్కడే తేల్చుకోండి. ఐరన్ లంగ్ మాత్రం గంటలో అయిపోతుంది కాబట్టి మొత్తం ఆడేసి రీఫండ్ అడిగే తెలివి కొందరు చూపిస్తారు. ఆ పని చేయకండి, దాదాపు ఒక్క మనిషి కూర్చుని చేసుకున్న గేమ్ అది.